గొట్టంలో చోటెంత?

1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లోని ఫిసల్‌బండలో ఒక వేధశాల నెలకొల్పారు. తర్వాతి కాలంలో అదే నిజామియా వేధశాల అయింది, బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అక్కడి పెద్ద దూరదర్శినికి ముందుండే కటకం వెడల్పు 15 అంగుళాలు. చేసింది డబ్లిన్‌లోని గ్రబ్ కంపెనీ. ఆ దూరదర్శినితో ఒక నక్షత్రాన్ని పట్టుకోవాలంటే మనిషి కంటే ఎంతో పొడవైన ఆ గొట్టాన్ని మొత్తంగా తిప్పాల్సి వచ్చేది. గొట్టం ఎటు తిరిగితే చూపు అటు.

ఆ కంపెనీని నడిపిన హోవార్డ్ గ్రబ్ ఆకాశంతోనే ఆగలేదు. 1900లో తుపాకులకు అమర్చే ఒక కొత్త రకం గురిసాధనాన్ని రూపొందించాడు. జలాంతర్గాములకు పెరిస్కోపులు తయారుచేశాడు. చుక్కలు చూసే కటకాల విద్యే గురి చూడటానికీ అక్కరకొచ్చింది.

అయితే తుపాకి మీద కూర్చున్న దూరదర్శినికి ఒక చిక్కుంది. దాన్ని రెండు రింగులతో బిగించి కట్టేస్తారు. ఆ పట్టులో గొట్టం వెంట్రుకవాసి జరిగినా తూటా ఇంకెక్కడో తగులుతుంది. గురి మాత్రం ఒక్కచోట ఉంటే చాలదు. లక్ష్యం దూరమయ్యేకొద్దీ తూటా కిందికి జారుతుంది, గాలి పక్కకు నెడుతుంది. ఆ తేడాలను సరిచేస్తూ గురి మారుతూ ఉండాలి. గొట్టం కదలకూడదు, గురి కదలాలి. రైఫిల్ స్కోప్ కొనడానికి వెళ్లిన అమెరికా వేటగాడికి దుకాణంలో ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: గొట్టం లావు 1 అంగుళం తీసుకోవాలా, 30 మిల్లీమీటర్లా, 34 మిల్లీమీటర్లా? దానికి జవాబు ఈ చిక్కులోనే ఉంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలతో సరదా వేట ముగిసిన అధ్యాయం. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కటకాలున్న స్కోపులకు అనుమతి లేదు. చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టాల్సిందే. కాబట్టి ఈ ప్రశ్న మనలో చాలామందికి ఎదురుకాదు. అయినా దీని వెనకున్న కాంతిశాస్త్రం, జ్యామితి ఏ దేశానికైనా ఒకటే. పదో తరగతి కటకాల పాఠం చదివిన ప్రతివాళ్లకూ ఇందులో పాలుంది.

వెలుగును కొలిచి చూద్దాం

గొట్టం లావైతే వెలుగు ఎక్కువ వస్తుందని చాలామంది నమ్ముతారు. పొలానికి వేసిన పైపు లావైతే నీళ్లు ఎక్కువ పారతాయి కదా, వెలుగూ అంతేనన్నది వారి ఊహ. సహజమైన ఊహే, కానీ తప్పు.

ఇంట్లో బైనాక్యులర్ ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. నా దగ్గరున్న పాతదాని మీద 8×40 అని రాసి ఉంది. అంటే 8 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందు కటకం వెడల్పు 40 మిల్లీమీటర్లు. దాన్ని కంటికి ఆనించకుండా మూరెడు దూరంలో, తెల్లటి ఆకాశం వైపు పెట్టి పట్టుకోండి. కన్ను ఆనించే వైపు అద్దంలో, నల్లటి నేపథ్యం మధ్య, గుండ్రంగా మెరిసే ఒక చిన్న వెలుగు బిళ్ల కనిపిస్తుంది. దాని ముందు స్కేలు పెట్టి కొలిస్తే సుమారు 5 మిల్లీమీటర్లు తేలుతుంది. 40ని 8తో భాగిస్తే వచ్చేదీ 5. ముందు కటకం పట్టుకున్న వెలుగంతా ఆ బిళ్లలోంచే బయటికి వచ్చి కంట్లో పడుతుంది. లెక్కలో రెండే అంకెలున్నాయి: ముందు కటకం వెడల్పు, పెద్దది చేసే శక్తి. గొట్టం లావు ఆ లెక్కలో ఎక్కడా లేదు.

రైఫిల్ స్కోపుకూ ఇదే లెక్క. 3-9×40 అని రాసిన స్కోప్‌ను 9 రెట్లకు తిప్పితే బిళ్ల వెడల్పు 4.4 మిల్లీమీటర్లు. 8×56 అయితే సరిగ్గా 7. చీకట్లో యువకుల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసు మీరేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. బిళ్ల కంటిపాప కంటే పెద్దదైతే మిగిలిన వెలుగు కన్నులోకి చేరదు. జర్మనీ, ఆస్ట్రియా అడవుల్లో మంచె మీద కూర్చుని, వెన్నెల్లో అడవిపందుల కోసం కాచే వేటగాళ్లు తరతరాలుగా 8×56 వాడటానికి కారణం ఈ 7 మిల్లీమీటర్లే. మసక వెలుతురులో కంటిపాప పూర్తిగా నిండాలన్నది వాళ్ల అవసరం.

ముందు కటకం 56 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు గొట్టం 30 అయితే దారిలో వెలుగు ఇరుక్కుపోదా? ఇరుక్కోదు. కటకం దాటగానే వెలుగు గరాటులో పడ్డట్టు సన్నబడుతూ నాభి వైపు వెళ్తుంది. స్కోప్ ముందు భాగం గంటలా విచ్చుకుని, వెనక్కి వచ్చేకొద్దీ సన్నని గొట్టంగా మారేది అందుకే. ఆ గరాటు మొన గొట్టంలోకి చేరేసరికి వెలుగు కట్ట గొట్టం కంటే సన్నగానే ఉంటుంది.

దారిలో నిజంగా వెలుగును తినేవి అద్దాల ఉపరితలాలు. పూత లేని గాజు మీద పడిన కాంతిలో ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. స్కోపులో అలాంటి ఉపరితలాలు 16 ఉన్నాయనుకుంటే కంటికి చేరేది 52 శాతమే. 1935లో జైస్ కంపెనీ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకులా గాజు మీద అతి పలుచని పారదర్శక పొర వేసి ఈ నష్టాన్ని తగ్గించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మంచి పూతతో ఒక్కో ఉపరితలం దగ్గర నష్టం అర శాతానికి దిగితే, అదే 16 ఉపరితలాలు దాటి 92 శాతం వెలుగు కంటికి చేరుతుంది. రెండు స్కోపుల్లో ఒకటి వెలుతురుగా, మరొకటి మసకగా కనిపిస్తే ముందుగా అడగాల్సింది ముందు కటకం ఎంత వెడల్పు, పూత ఎంత మంచిది అని.

ఒక్క మినహాయింపు మాత్రం ఉంది. 1-6×24 వంటి తక్కువ శక్తి స్కోపులకు ముందు గంట ఆకారం ఉండదు. గొట్టమే తిన్నగా ముందుదాకా సాగుతుంది, ముందు కటకం ఆ గొట్టం లోపలే కూర్చుంటుంది. 30 మిల్లీమీటర్ల గొట్టంలో గోడ మందం, మరల చోటు పోగా 24 మిల్లీమీటర్ల కటకం పడుతుంది. 34 గొట్టమైతే 28 పట్టవచ్చు. ఇక్కడ మాత్రం గొట్టం లావు వెలుగును నిర్ణయిస్తుంది.

బయట కదిలే గొట్టాలు

అమెరికాలో తుపాకి స్కోపులు తొలి రోజుల్లో తుపాకి గొట్టమంత పొడవుండేవి. 1840ల్లో జాన్ చాప్‌మన్ అనే సివిల్ ఇంజనీరు ఊహకు మోర్గాన్ జేమ్స్ అనే తుపాకుల తయారీదారు రూపమిచ్చాడు. 1855లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ రంగుల అంచులు రాని మెరుగైన కటకాలతో స్కోపులు చేయడం మొదలుపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో గురికాళ్ల తుపాకుల మీద కనిపించేవి ఇలాంటి సన్నని, పొడవాటి గొట్టాలే.

వీటిలో లోపల కదిలేదేమీ లేదు. దూరం మారితే గొట్టాన్ని పట్టుకున్న దిమ్మెలోని మరను తిప్పి, గొట్టం మొత్తాన్ని కొంచెం పైకీ కిందికీ వంచేవారు. బేగంపేట దూరదర్శిని తిరిగినట్టే ఇదీ తిరిగేది. ఎంత సన్నని గొట్టమైనా ఎంత కావాలంటే అంత వంచవచ్చు, బయట చోటుకు కొదవ లేదు కాబట్టి లావు గురించి ఎవరికీ దిగులు లేదు. 20వ శతాబ్దంలోనూ ఈ పద్ధతి బతికింది. ఉనర్ట్ల్ కంపెనీ లక్ష్యసాధన స్కోపుల గొట్టం ముప్పావు అంగుళమే. వియత్నాం యుద్ధంలో అమెరికా మెరీన్ గురికాళ్లు వాటిలో 8 రెట్ల రకాన్ని వాడారు. తుపాకి పేలిన దెబ్బకు ఆ గొట్టం దిమ్మెల్లో ముందుకు జారిపోయేలా ఏర్పాటు ఉండేది. ప్రతి కాల్పు తర్వాత చేత్తో దాన్ని మళ్లీ వెనక్కి లాక్కోవాలి.

రేంజ్‌లో నింపాదిగా కాల్చేవారికి ఇది సరిపోయింది. కొండల్లో, మంచులో, గుర్రం మీద తిరిగే వేటగాడికి సరిపోలేదు. దిమ్మెలో దుమ్ము చేరేది, మర వదులయ్యేది, కొమ్మ తగిలితే గురి మారిపోయేది. గొట్టాన్ని కదలకుండా బిగించేసి, కదిలే భాగాలను లోపలికి తీసుకెళ్తే ఈ బాధలన్నీ తీరతాయి. 1898లో వియన్నాలో మొదలైన కాలెస్ వంటి ఐరోపా కంపెనీలు, 1930లో కేవలం 19 డాలర్లకు ముప్పావు అంగుళం గొట్టంతో మోడల్ 330 తెచ్చిన అమెరికాకు చెందిన విలియం వీవర్ ఆ దారిలోనే నడిచారు. మంచి స్కోప్ అప్పటిదాకా డబ్బున్నవాళ్ల వస్తువు. వీవర్ దాన్ని మామూలు రైతు చేతికి అందించాడు.

కదలిక లోపలికి వెళ్లగానే లావు ముఖ్యమైపోయింది. బయట ఆకాశమంత చోటుండేది, లోపల గొట్టం గోడలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో 1 అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు, ప్రమాణంగా స్థిరపడింది. ఐరోపాలో ఒకప్పుడు 26 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టాలు, తర్వాత 30 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టాలు వాడుకలోకి వచ్చాయి. అమెరికా సైన్యం గురికాళ్ల తుపాకులనే వరసగా చూసినా ఈ పెరుగుదల కనిపిస్తుంది. వియత్నాం కాలపు రెడ్‌ఫీల్డ్ స్కోపుది 1 అంగుళం గొట్టం. 1988లో వచ్చిన ఎం24 తుపాకి మీది ల్యూపోల్డ్‌ది 30 మిల్లీమీటర్లు. ఈ శతాబ్దంలో మెరీన్లు తీసుకున్న ష్మిట్ అండ్ బెండర్‌ది 34. కాల్చే దూరం పెరిగేకొద్దీ గొట్టం లావెక్కింది.

గొట్టంలో గొట్టం

స్కోప్‌ను నిలువునా కోస్తే ఏం కనిపిస్తుంది? ముందు కటకం దూరపు దృశ్యానికి ఒక ప్రతిబింబం తయారుచేస్తుంది. అది తలకిందులుగా, కుడిఎడమలు మారి ఉంటుంది. నక్షత్రాలకైతే ఏ దిక్కున ఉన్నా ఒకటే, జింకకు కాదు. అందుకని మధ్యలో ఇంకొన్ని కటకాలు ఆ బొమ్మను మళ్లీ నిటారుగా నిలబెడతాయి. చివర్లో కంటి దగ్గరి కటకం దాన్ని పెద్దదిగా చూపిస్తుంది. నిటారుగా నిలబెట్టే ఆ కటకాలు మరో సన్నని గొట్టంలో కూర్చుని ఉంటాయి. పెద్ద గొట్టంలో చిన్న గొట్టం.

ఆ చిన్న గొట్టం వెనక చివర కీలు మీద ఆనుకుని ఉంటుంది. ముందు చివర గాల్లో తేలుతుంది. పైనుంచి ఒక మర, పక్కనుంచి ఒక మర దాన్ని నెడతాయి, ఎదురుగా ఒక స్ప్రింగు వెనక్కి తోస్తూ ఉంటుంది. స్కోప్ నడుము మీద పైనా పక్కనా కనిపించే బిరడాల్లాంటి తిరుగుడు మీటలు ఆ మరలే. వాటిని తిప్పితే చిన్న గొట్టం ముందు చివర కాస్త జరుగుతుంది. ముందు కటకం తయారుచేసిన ప్రతిబింబంలో ఏ చుక్క గురిగీతల కూడలి మీద పడాలన్నది మారుతుంది. తుపాకి, స్కోప్ ఒకదానికొకటి కట్టినట్టే ఉంటాయి, లోపల గురి జరుగుతుంది.

ఎంత జరుగుతుంది? లెక్క వేద్దాం. గురికాళ్లు కోణాన్ని మిల్లుల్లో కొలుస్తారు. 1000 మీటర్ల దూరంలో 1 మీటరు ఎంత కోణం చేస్తుందో అది 1 మిల్. మీట ఒక్కసారి టిక్కుమంటే చాలా స్కోపుల్లో గురి 0.1 మిల్ మారుతుంది, అంటే 100 మీటర్ల దగ్గర 1 సెంటీమీటరు. ముందు కటకం నాభ్యంతరం, అంటే కటకం నుంచి నాభి దాకా ఉన్న దూరం, 200 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు 1 మిల్ కోణం లోపలి ప్రతిబింబంలో 0.2 మిల్లీమీటర్లు, 0.1 మిల్ అంటే 0.02 మిల్లీమీటర్లు.

ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. 0.02 మిల్లీమీటర్లు అంటే 20 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో సుమారు మూడో వంతు. ఒక్కో టిక్కుకు ఆ చిన్న గొట్టం వెంట్రుకలో మూడో వంతు జరగాలి. తుపాకి పేలిన దెబ్బ తిన్నాక కూడా అక్కడే నిలవాలి. వంద టిక్కులు తిప్పి, మళ్లీ వంద టిక్కులు వెనక్కి తిప్పితే మొదలైన చోటికే రావాలి. వెంట్రుకవాసి అని మనం మాటవరసకు అంటాం. స్కోప్ చేసే పనివారికి ఆ కొలత చాలా పెద్దది.

ఎంత దూరానికి ఎన్ని మిల్లులు

ఇప్పుడు కొనుగోలుదారు వైపు నుంచి చూద్దాం. 308 విన్చెస్టర్ అనే రకం తూటా కాల్చే తుపాకిని 100 గజాలకు గురి కుదిర్చి పెట్టుకున్నాడనుకుందాం. 300 గజాల దగ్గర తూటా జారుడు ఒకటిన్నర మిల్లు దాటదు. అదే 1000 గజాలకు వెళ్తే దాదాపు 11, 12 మిల్లులు సరిచేయాలి. 6.5 క్రీడ్‌మూర్ అనే మరో రకం తూటా గాలిని ఇంకా బాగా కోసుకుపోతుంది కాబట్టి దానికి దాదాపు 9 చాలు. చిన్న 22 తుపాకికి 1000 గజాల ఊసే లేదు. అయినా 50 గజాలకు కుదిర్చిన గురితో 200 గజాలు కొట్టాలంటేనే దానికి దాదాపు 8 మిల్లులు కావాలి. దూరం తక్కువే అయినా, నెమ్మదిగా పోయే తూటాకు జారిపోవడానికి సమయం ఎక్కువ.

1 అంగుళం గొట్టం వేట స్కోపుల్లో పైనుంచి కిందికి మొత్తం కదలిక 17 మిల్లుల చుట్టూ ఉండటం మామూలు. గురి నడిమధ్యలో కుదిరితే పైకి మిగిలేది సగం, సుమారు 8.7 మిల్లులు. 300 గజాల వేటకు అది అవసరానికి అయిదు రెట్లకు పైనే. 308తో 1000 గజాలకైతే మూడు మిల్లుల దాకా తక్కువ పడుతుంది. 34 మిల్లీమీటర్ల గొట్టంలో మొత్తం 26 మిల్లులున్న స్కోపులున్నాయి. సగం 13, పని జరుగుతుంది.

ఈ 8.7కీ 13కీ మధ్య తేడా గొట్టం లోపల ఎంతో చూడండి. 200 మిల్లీమీటర్ల నాభ్యంతరంతో 8.7 మిల్లులంటే 1.74 మిల్లీమీటర్లు. 13 మిల్లులంటే 2.6 మిల్లీమీటర్లు. ఒక్కో వైపు మిల్లీమీటరు కూడా లేని అదనపు చోటు కోసమే లావు గొట్టం. నాభ్యంతరం పెరిగితే అదే కోణానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి. ఎక్కువ శక్తి గల పెద్ద స్కోపులు లావు గొట్టం కోరుకోవడానికి అదొక కారణం. 5 నుంచి 25 రెట్ల దాకా మారే రకాల్లో లోపలి కటకాలు కూడా పెద్దవి కావాలి, అవి ఎక్కువ మేర ముందుకూ వెనక్కూ జరగాలి. లోపలి గొట్టం లావెక్కితే బయటి గొట్టమూ లావెక్కక తప్పదు.

గొట్టం మార్చకుండా చోటు సంపాదించే ఉపాయం ఒకటుంది. స్కోప్ కింద అమర్చే రైలు అనే పట్టీని వెనక వైపు కొంచెం ఎత్తుగా చేస్తే స్కోప్ ముందు భాగం కిందికి వంగుతుంది. దుకాణాల్లో 20 నిమిషాల రైలు అని అమ్మేది ఇదే. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 20 నిమిషాలు 5.8 మిల్లులకు సమానం. 15 సెంటీమీటర్ల రైలు మీద రెండు చివరల ఎత్తుల తేడా 0.87 మిల్లీమీటర్లే, చేత్తో తడిమినా తెలియదు. కానీ 8.7 మిల్లుల 1 అంగుళం స్కోప్‌కు అది 5.8 కలిపి 14.5 చేస్తుంది. సన్నని గొట్టంతోనే 1000 గజాలు అందుకోవచ్చు. 34 మాత్రమే ఆ దూరం కొడుతుందనే మాట ఈ లెక్క ముందు నిలవదు.

వృత్తం పెట్టే షరతు

గొట్టం గుండ్రం. లోపలి చిన్న గొట్టం కదిలే చోటూ గుండ్రమే. దీనివల్ల ఒక షరతు వస్తుంది. నడిమధ్య నుంచి ఏ వైపుకైనా 10 మిల్లులు జరగగల స్కోప్‌ను తీసుకోండి. పైకి 8 మిల్లులు తిప్పేశాక పక్కకు ఎంత మిగులుతుంది? 10 వర్గంలోంచి 8 వర్గం తీసేస్తే 36, దాని వర్గమూలం 6. పైకి 10కి 10 తిప్పేస్తే పక్కకు మిగిలేది సున్నా. బడిలో చదివిన 6, 8, 10 లంబకోణ త్రిభుజం తుపాకి స్కోప్ లోపల కూర్చుని ఉంది. దూరం కొట్టేటప్పుడే గాలికి సరిచేయడం ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే పక్క చోటు తరిగిపోతుంది.

చివరంటా తిప్పితే ఇంకో నష్టమూ ఉంది. కటకాలు నడిమధ్యలో అన్నిటికంటే బాగా పనిచేస్తాయి. అంచుకు జరిగేకొద్దీ బొమ్మ మెత్తబడుతుంది, అంచుల్లో రంగులు తేలతాయి. అందుకే వంపు రైలును తెలిసినవాళ్లు మెచ్చుకుంటారు. అది దగ్గరి గురిని నడిమధ్యకు కాస్త కింద, దూరపు గురిని కాస్త పైన ఉంచి, కదలికను మధ్య చుట్టూ పంచుతుంది. మన 8.7 మిల్లుల ఉదాహరణలో దగ్గరి గురి 5.8 మిల్లులు కిందికి, 1000 గజాల గురి 5.7 మిల్లులు పైకి వస్తుంది. అక్కడ కూడా పక్కకు ఆరున్నర మిల్లులు మిగిలే ఉంటాయి.

పెట్టె మీద రాసిన గొట్టం లావు చూసి లోపలి చోటును ఊహించకూడదు. 1 అంగుళం స్కోప్‌లోని లోపలి భాగాలనే పట్టుకెళ్లి 30 మిల్లీమీటర్ల గొట్టంలో పెట్టి అమ్మే రకాలున్నాయి. మందమైన గోడతో 30 గొట్టం చేస్తే లోపల మిగిలేది 1 అంగుళం గొట్టం కంటే ఎక్కువేమీ కాకపోవచ్చు. కొన్నిటిలో లావు వేరే అవసరానికి వచ్చింది. స్వరోవ్‌స్కీ డీఎస్ స్కోప్‌ గొట్టం 40 మిల్లీమీటర్లు, ఎందుకంటే దూరం కొలిచే లేజరు, ఎలక్ట్రానిక్స్ కూడా అందులోనే ఇమడాలి. చూడాల్సిన అంకె మొత్తం కదలిక. అది మిల్లుల్లోనో నిమిషాల్లోనో ప్రతి మంచి కంపెనీ వివరాల పట్టికలో ఉంటుంది.

వెదురు బొంగు బలం

గొట్టం లావుకు ఇంకో లాభం ఉంది, దాన్ని వెదురు మనకు ఎప్పుడో చెప్పింది. బోలుగా ఉన్న బొంగు అంత బరువూ ఎలా మోస్తుంది? పదార్థం నడిమధ్యలో కాకుండా అంచులకు దూరంగా ఉంటే వంపుకు ఎక్కువ ఎదురు నిలుస్తుంది. గొట్టం వంగకుండా నిలిచే బలం బయటి వ్యాసం నాలుగో ఘాతం లోంచి లోపలి వ్యాసం నాలుగో ఘాతం తీసివేస్తే వచ్చే అంకెను అనుసరిస్తుంది.

2 మిల్లీమీటర్ల గోడతో మూడు గొట్టాలు పోల్చండి. 25.4 మిల్లీమీటర్ల గొట్టం బలాన్ని 1 అనుకుంటే, 30 గొట్టానిది సుమారు 1.7, 34 గొట్టానిది సుమారు 2.5. వాటి బరువు మాత్రం 1.2, 1.37 రెట్లే. బరువు కాస్త పెరిగి బలం ఎంతో పెరిగింది. పెద్ద ముందు కటకం మోయాల్సిన బరువు స్కోపుకు, పెద్ద తుపాకి తన్నుకు ఇది పనికొస్తుంది. అయితే ఈ లాభం గోడ మందం సమానంగా ఉన్నప్పుడే. తేలిక కోసం గోడను పలుచన చేస్తే అంకెలు మారిపోతాయి.

మొత్తం స్కోప్ బరువు వేరే కథ. 1 అంగుళం వేట స్కోపులు 350, 400 గ్రాముల్లో దొరుకుతాయి. 34 మిల్లీమీటర్ల వోర్టెక్స్ రేజర్ రెండో తరం 4.5-27×56 స్కోప్ బరువు సుమారు 1.37 కిలోలు. తేడా కిలోకు దగ్గర. రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాల్చేవాడికి అది లెక్కలోకి రాదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా తుపాకిని భుజాన వేసుకుని మోంటానా కొండలెక్కేవాడికి ప్రతి మైలులోనూ తెలుస్తుంది.

రింగుల దగ్గర జాగ్రత్త

గొట్టానికి తగిన రింగులే వేయాలి. 1 అంగుళం రింగులో 30 మిల్లీమీటర్ల గొట్టం దూరదు. 30 రింగులో 1 అంగుళం గొట్టం పెట్టాలంటే మధ్యలో తొడుగు వేయాలి. 1 అంగుళం, 30 రింగులు ఏ ఎత్తులో, ఏ ధరలో కావాలన్నా దొరుకుతాయి. 34కు ఎంపిక తక్కువ. ల్యూపోల్డ్ మార్క్ 5హెచ్‌డీది 35 మిల్లీమీటర్లు, జైస్ వీ8లో కొన్ని రకాలది 36. ఇలాంటివి కొనే ముందు రింగులు ఎక్కడ దొరుకుతాయో చూసుకోవాలి. చేతిలో ఉన్న తుపాకికి ఇప్పటికే మంచి రింగులుంటే అదీ ఒక కారణమే.

బిగింపులో అతి పనికిరాదు. గొట్టం అల్యూమినియం. రింగు మరలను బలమున్నంతా బిగిస్తే గుండ్రటి గొట్టం కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోతుంది, లోపలి చిన్న గొట్టం దారి ఇరుకవుతుంది, శక్తి మార్చే వలయం పట్టేస్తుంది. వెంట్రుకలో మూడో వంతు కొలతతో జరగాల్సిన భాగం గోడను రాసుకుంటే గురి నిలకడ పోతుంది. సాధారణంగా రింగు మరలకు చెప్పే బిగింపు సుమారు 2 న్యూటన్-మీటర్లు. కంపెనీ చెప్పిన అంకెను టార్క్ రెంచితో పాటించడం మేలు. ఎన్నో మిల్లుల కదలిక కోసం డబ్బు పోసి కొన్న చోటును ఒక్క బిగింపుతో పోగొట్టుకోకూడదు.

ఎవరికి ఏది

ఇప్పుడు దుకాణంలో నిలబడ్డ వేటగాడికి జవాబు చెప్పవచ్చు. తాను నిజంగా ఎంత దూరం కాలుస్తాడో ముందు నిజాయితీగా చెప్పుకోవాలి. తన తూటాకు ఆ దూరంలో ఎన్ని మిల్లులు జారుడో చూసుకోవాలి. స్కోప్ మొత్తం కదలికలో సగం తీసుకుని, వంపు రైలు ఉంటే దాని మిల్లులు కలిపి, జారుడుతో పోల్చాలి. గాలి కోసం పక్కకు, బొమ్మ నాణ్యత కోసం అంచు నుంచి, కొంత చోటు మిగల్చాలి. ఆ తర్వాతే గొట్టం లావు చూడాలి.

అడవిలో 300 గజాల లోపు జింకను వేటాడేవాడికి 1 అంగుళం గొట్టం నిండుగా సరిపోతుంది. బరువు తక్కువ, ధర తక్కువ, రింగులు ఎక్కడైనా దొరుకుతాయి. మసక వెలుతురు వేట అయితే ముందు కటకం మీద, పూత మీద ఖర్చు పెట్టాలి. బయళ్లలో 500, 600 గజాల దాకా వెళ్లేవాడికి 30 చక్కని మధ్యేమార్గం. 1000 గజాలు దాటి, రోజంతా మీట తిప్పుతూ గాలిని చదువుతూ కాల్చే పోటీదారుకు, 200 గజాలకు 22 తుపాకితో పోటీపడేవాడికి, 34 ఇచ్చే చోటు నిజంగా ఉపయోగపడుతుంది.

జపాన్‌లో తయారయ్యే మార్చ్ జెనిసిస్ అనే స్కోప్ ఈ మధ్య ఈ కథను మళ్లీ మొదటికి తెచ్చింది. మైలు దాటి కాల్చేవారికి ఏ గొట్టంలోని చోటూ చాలడం లేదని, దాని రూపకర్తలు లోపలి కటకాలను నడిమధ్యలోనే స్థిరంగా ఉంచి, గొట్టం మొత్తాన్నే తన చట్రంలో వంగేలా చేశారు. మొత్తం కదలిక 400 నిమిషాలు, అంటే 116 మిల్లులు. కటకాలు ఎప్పుడూ నడిమధ్యలోంచే చూస్తాయి కాబట్టి ఎంత తిప్పినా బొమ్మ మెత్తబడదు. మాల్కమ్ కాలపు సన్నని గొట్టాలకు తెలిసిన ఉపాయమే ఇది, మరలు మాత్రం కొత్తవి. బేగంపేటలో నక్షత్రాన్ని వెతుక్కుంటూ తిరిగిన గ్రబ్ దూరదర్శిని చూసినదీ ఇలాగే. ఎంత వంగినా దాని కటకాలు నక్షత్రాన్ని ఎప్పుడూ తమ నడిమధ్యలోంచే పట్టుకున్నాయి.